ఐసీడీ ఆయనకి, నిద్ర లేనిది నాకు. ఏం చేయాలి?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయనకి గుండె లయ తప్పుతోందని కాకినాడలో ఐసీడీ (లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న మిషను) ఛాతీలో అమర్చారు. సంక్రాంతి ముందు రొయ్యల చెరువు గట్టు మీద ఉండగా ఒకసారి షాక్ కొట్టింది. మిషను తన పని చేసిందన్నారు డాక్టరు గారు. ఆయన తేరుకున్నారు, నేనే తేరుకోలేదు.

రాత్రి ఆయన పక్కకి తిరిగినా లేచి కూర్చుంటున్నాను. చెరువుకి వెళ్తే అరగంటకోసారి ఫోను చేస్తాను. "మిషను పెట్టింది నాకా, నీకా?" అని ఆయన విసుక్కుంటారు. నిజమే మరి! ఫోను ఎడమ జేబులో వద్దు, ఇండక్షన్ పొయ్యికి రెండడుగులు దూరం అంటూ ఇంట్లో పోలీసునైపోయాను.

షాక్ వచ్చేటప్పుడు ముట్టుకున్నవాళ్లకి ప్రమాదం లేదని తెలుసు. ఒక్కసారి వచ్చి మనిషి బాగానే ఉంటే డాక్టరుకి చెప్పాలి, వెంటవెంటనే వస్తే 108కి చేయాలి. అన్నీ తెలిసినా భయం పోవట్లేదండి. అత్తయ్య గారేమో అంతర్వేది స్వామి మీద భారం వేయమంటారు.

మీ ఇళ్లలో ఐసీడీ ఉన్నవాళ్లుంటే, ఈ టెన్షన్ ఎలా తగ్గించుకున్నారు? జబ్బు ఆయనకైతే నాకు కౌన్సెలింగ్ కావాలని ఇంట్లో ఎలా చెప్పాలి? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎవరైనా ఫోను చేశారా, తెలుగులో తీరిగ్గా వింటారా?