శాఖా గ్రంథాలయాల్లో ఉచిత ఆన్‌లైన్ ట్యూషన్: పెట్టాలా, వద్దా?

డాలస్ నాన్న:
ఇక్కడ అమెరికాలో చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీలు బ్రెయిన్‌ఫ్యూజ్, ట్యూటర్ డాట్ కామ్ లాంటి సంస్థలకు చందా కట్టి, కార్డున్న పిల్లలకు హోంవర్క్ సాయం ఉచితంగా ఇప్పిస్తున్నాయి. కార్డు నంబర్ కొడితే ట్యూటర్ లైన్లోకి వస్తారు. మొన్న మా అమ్మాయి x² - 5x + 6 = 0 అనే వర్గ సమీకరణంలో మైనస్ 5ను మైనస్ 6, ప్లస్ 1గా విడగొట్టి ఆగిపోయింది. ట్యూటర్ జవాబు చెప్పలేదు. "కూడితే సరిపోయింది, ఇప్పుడు గుణించి చూడు" అన్నారు. ప్లస్ 6 రావాల్సిన చోట మైనస్ 6 వస్తోందని తనే పట్టుకుంది. మన దగ్గర ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు కదా, ఈ పని ఎందుకు మొదలుపెట్టకూడదు?

గుంటూరు పాఠకుడు:
సెస్సు జనం కడుతున్నారండీ. వసూలు చేసిన మున్సిపాలిటీలు, పంచాయతీలు గ్రంథాలయ సంస్థలకు సరిగ్గా జమ చేయక బకాయిలు పేరుకుపోతున్నాయి. మా శాఖా గ్రంథాలయం పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. లైబ్రేరియన్ ఒక్కరే, పక్క ఊరికీ ఆయనే ఇన్‌ఛార్జి. బడి వదిలి ఇంటికెళ్లి పిల్లాడు ఇక్కడికొచ్చేసరికి తాళం వేసే టైమవుతుంది. అసలు పాఠం చెప్పడం బడి పని.

లెక్కల టీచర్:
బడి పనే, కాదనను. కానీ నా తరగతి పిల్లల్లో సగం మందికి సాయంత్రం లెక్క ఆగిపోతే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్ ఒక్కటే ఉంటుంది, అది నాన్నతో పాటు పనికి వెళ్తుంది. ట్యూషన్‌కి డబ్బులున్నవాడు ఎలాగూ వెళ్తాడు. మిగిలినవాడి గురించే ఈ చర్చ.

డాలస్ నాన్న గారూ, మీరు చెప్పిన చందా పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. మా పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. "లబ్ధం" అని తెలుగులో చదివి, "ప్రొడక్ట్" అని పరీక్ష రాసే పిల్లకు రెండూ తెలిసిన మనిషే కావాలి. అలాంటివాళ్లు మన జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లోనే పొద్దుణ్నుంచి రాత్రిదాకా కూర్చుని ఉన్నారు. బీఈడీ చేసి డీఎస్సీకి చదువుకుంటున్న అభ్యర్థులు! వాళ్లకు సాయంత్రం రెండు గంటలకు గౌరవ వేతనం ఇచ్చి, లెక్కలు చెప్పేవాళ్లు లేని శాఖలకు వీడియోలో కలపండి. శాఖలో ఒక కంప్యూటర్, ఒక హెడ్‌ఫోన్, రాసింది చూపించడానికి ఒక కెమెరా చాలు.

1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు ఊరూరికీ తీసుకెళ్లారు. గ్రంథాలయమే మనిషి దగ్గరికి వెళ్లడం మనకు కొత్త కాదు.

డీఎస్సీ అభ్యర్థి:
మాస్టారూ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక మేమే టెన్షన్‌లో ఉన్నాం. రెండు గంటలంటే మాటలా? ఇంకో సంగతి, రీడింగ్ హాల్లో ఎవరైనా గొంతెత్తి మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు. అయినా నెల నెలా డబ్బు ఇస్తారంటే నేను వస్తాను. హాస్టల్ ఖర్చుకి ఇంట్లో అడగడం ఆపేస్తా. గౌరవ వేతనం అని పేరు పెట్టి ఆర్నెల్లు ఆపితే మాత్రం ఎవరూ రారు.

గుంటూరు పాఠకుడు:
ఇదైతే ఆలోచించొచ్చు. నా షరతులు రెండు. చెప్పేవాళ్లకు విడిగా ఒక గది ఉండాలి, శాఖ రాత్రి 8 దాకా తెరిచి ఉండాలి. దానికి మనిషిని వేయకుండా ఉన్న లైబ్రేరియన్ మీదే పడేస్తే నేను వ్యతిరేకిస్తాను.

లెక్కల టీచర్:
ఒప్పుకుంటున్నా. డిసెంబర్ నుంచి పదో తరగతి పరీక్షల దాకా, ఒక్క లెక్కలతో, ఒక్క జిల్లాలో మొదలుపెట్టమని అర్జీ రాస్తాను. జీతం ఏ తేదీన ఇవ్వాలో కూడా అందులోనే ఉంటుంది. మీ శాఖ పేరు మొదట రాయమంటారా?