మడతపడ్డ కార్డా, అంచులు కత్తిరించిన కార్డా?

ఎడిసన్ నాన్న:
మా పదకొండేళ్ల అబ్బాయికి బేస్‌బాల్ అంటే ప్రాణం. వాడి కోసం, ఆటగాళ్ల బొమ్మల కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీ 1954 సెట్‌లోని కార్డు ఒకటి వెతుకుతున్నాను, ప్రసిద్ధ ఆటగాడు హాంక్ ఆరన్‌ది. టాప్స్‌లో ఆయన మొదటి కార్డు అదే, నంబరు 128. రెండు దొరికాయి, ధర దాదాపు ఒకటే. కార్డు ఎంత బాగుందో చూసి 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇస్తారు కదా, ఒకదానికి అన్నిటికంటే తక్కువైన 1 ఇచ్చారు. మధ్యలో అడ్డంగా మడత ఉంది, నాలుగు మూలలూ గుండ్రంగా అరిగిపోయాయి. రెండోదాని మీద నారింజ రంగు నిన్ననే అచ్చేసినంత తాజాగా ఉంది. కానీ దాని ప్లాస్టిక్ కేసు లేబుల్ మీద అంకె లేదు, ‘ఆథెంటిక్, ఆల్టర్డ్’ (అసలుదే, కానీ మార్చినది) అని మాత్రం ఉంది. ఎవరో అంచులు కత్తిరించారట. నా మనసు రెండోదాని వైపే లాగుతోంది. మీరైతే ఏది కొంటారు?

డాలస్ కలెక్టర్:
నేనైతే మొదటిదే కొంటాను, ఆలోచించను కూడా. మడత వాడకం వల్ల వచ్చింది. ఆ రోజుల్లో పిల్లలు బబుల్‌గమ్ ప్యాకెట్లు కొని, వాటిలో వచ్చే కార్డులు జేబుల్లో పెట్టుకుని, ఒకరితో ఒకరు మార్చుకునేవారు. కత్తిరింపు అలాంటిది కాదు. అరిగిన మూల కనపడకుండా చేయాలని ఎవరో పనిగట్టుకుని చేసింది. 1954 టాప్స్ కార్డు వెడల్పు 2⅝ అంగుళాలు, పొడవు 3¾ అంగుళాలు. అందులో నూలుపోగంత కోసినా ఆ అట్ట మళ్లీ రాదు.

టీ206 అనే సెట్‌లోని హోనస్ వాగ్నర్ అనే పాతతరం ఆటగాడి కార్డు సంగతి గుర్తు చేసుకోండి. సిగరెట్ పెట్టెల్లో 1909-11 మధ్య వచ్చిన సెట్ అది. అందులో అన్నిటికంటే అందంగా ఉన్న వాగ్నర్‌ను 1991 వేలంలో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్‌కీ, ఆయన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు కొన్నారు. కార్డులకు గ్రేడ్లిచ్చే పీఎస్ఏ సంస్థ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అదే. 8 ఇచ్చారు. 2007లో 28 లక్షల డాలర్లు పలికింది. ఒకప్పుడు దాన్ని కొని అమ్మిన బిల్ మాస్ట్రో, దాని అంచులు తానే కత్తిరించానని 2013లో ఒప్పుకున్నాడు. అన్నేళ్లపాటు అందరూ మెచ్చుకున్న ఆ పదునైన మూలలు కత్తెర చలవే. అది చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది.

టాంపా పాతకార్డులు:
డాలస్ అన్నా, వాగ్నర్ విషయంలో జరిగింది మోసం, దాచిపెట్టారు కాబట్టి. ఇక్కడ లేబుల్ మీదే రాసి ఉంది కదా. నా దగ్గర మికీ మాంటిల్ అనే ఆటగాడి 1952 కార్డు, అంచులు కోసినది, ఉంది. కోయనిది ఈ జన్మలో కొనలేను. రోజూ చూసుకుంటాను, తృప్తిగా ఉంటుంది. ఇంకో మాట. పాత ఆల్బమ్‌లో అతికించిన కార్డును నీళ్లలో నానబెట్టి ఊడదీస్తే మీలో చాలామంది తప్పు పట్టరు. మడతను నొక్కి చదును చేస్తే మాత్రం గొడవ చేస్తారు. గీత ఎక్కడ గీస్తున్నారో చెప్పండి.

డాలస్ కలెక్టర్:
న్యాయమైన ప్రశ్న. నీళ్లు తీసేది తర్వాత అంటిన జిగురును. కత్తెర తీసేది కార్డునే. రంగు పూస్తే లేనిది చేరుతుంది. నా గీత అక్కడే. నొక్కడం కూడా నాకు నచ్చదు. ఉన్న మడతను లేదని నమ్మించడానికే ఆ పని చేస్తారు, పైగా అది కొన్నాళ్లకు మళ్లీ తేలొచ్చు.

నాణేల మాస్టారు, గుంటూరు:
నాకు బేస్‌బాల్ తెలియదు, పాత నాణేలు సేకరిస్తాను. ఇంట్లో దొరికిన రాగి నాణేన్ని చింతపండుతో తళతళలాడేలా తోమి తెచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో మోసం చేసే ఉద్దేశం ఉండదు పాపం. కానీ వందేళ్లుగా పట్టిన ఆ ముదురు రంగు పోయాక నాణెం విలువ పడిపోతుంది. నేను తోమని దానికే ఓటు వేస్తాను.

ఎడిసన్ నాన్న:
మాస్టారూ, మా అమ్మ కూడా అలాగే తోమేది! ఒక సందేహం. స్కేలు పెట్టి కొలిస్తే కత్తిరింపు తెలిసిపోదా?

డాలస్ కలెక్టర్:
కొలత ఒక్కటే చాలదండి. ఆ కాలంలో పెద్ద షీట్ల నుంచి కార్డులు కోసిన యంత్రాలు ప్రతిదీ ఒకే కొలతకు కోయలేదు. కాబట్టి ఫ్యాక్టరీ నుంచే కాస్త చిన్నగా వచ్చినవి ఉంటాయి. కాస్త పెద్దగా వచ్చినదాన్ని కోస్తే కొలత సరిగ్గా సరిపోతుంది. భూతద్దంతో అంచు చూడాలి. పాత అంచుకు వయసుతో వచ్చిన మాసిన రంగు, లేచిన పీచు ఉంటాయి. తర్వాత కోసిన అంచు మిగతా మూడింటికంటే తెల్లగా, నున్నగా కనిపించొచ్చు. రెండోది కొనాలనే అనుకుంటే ధర తగ్గించమని అడగండి. చూడడానికి బాగుందని చెప్పి ఎక్కువ గుంజుతారు.

టాంపా పాతకార్డులు:
ఇందులో అన్నతో ఏకీభవిస్తాను. కొన్నాక ఆ ప్లాస్టిక్ కేసు మాత్రం పగలగొట్టకండి. కేసుతో పాటు లేబుల్ పోతుంది. రేపు అది చేతులు మారితే, కొత్తగా కొనేవారికి చెప్పే ఆధారం ఉండదు. కోసిన కార్డులు మళ్లీ మంచివాటిలో కలిసేది అలాగే.

ఎడిసన్ నాన్న:
అమ్మే ఆయనకు ఫోన్ చేశాను. ధర కొంత తగ్గించాడు. అంచులు కత్తిరించిన కార్డు అని రశీదు మీద రాసిస్తారా అని అడిగితే సరేనన్నాడు. డాలస్ అన్నా, క్షమించండి, రెండోదే తీసుకుంటున్నాను. కార్డుతో పాటు ఆ రశీదు కూడా మా వాడి చేతికే ఇస్తాను, వాగ్నర్ కథ చెప్పి మరీ.