గుండె ఆపరేషన్ అయ్యాక పాప బరువు పెరగట్లేదు: జావ ఎన్నిసార్లు పట్టాలి?

గోదారి_గట్టు:
వీఎస్‌డీ (గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం) మూసి రెండు నెలలైంది. పాపకి 7 నెలలు, 5.6 కిలోలు. తల్లిపాలు కాక రాగి జావ గిన్నెడు తాగుతుంది. బరువు కదలట్లేదు. ఇంకోసారి పట్టమంటారా?

డైట్_డెస్క్:
ఎన్నిసార్లన్నది తర్వాతండీ, ముందు చిక్కదనం చూడండి. చెంచాడు పిండితో 150 మి.లీ. జావ కాస్తే 20 కేలరీలు కూడా రావు, పొట్ట మాత్రం నిండిపోతుంది. ఇలాంటి పిల్లలకి రోజుకి కిలోకి 120–150 కేలరీలు లెక్కేస్తారు, అంటే పాపకి 670–840. తల్లిపాలలో 100 మి.లీ.కి 67 దాకా ఉంటాయి. 20 గ్రాముల పిండిని 100 మి.లీ. నీళ్లలో ఉడికించి చెంచా నెయ్యి వేస్తే 110 వస్తాయి. పప్పు మీది తేట కూడా పలచటి జావ లాంటిదే, పొట్ట నింపుతుందంతే, పప్పే మెదిపి పెట్టాలి.

మొలక_పిండి:
అంత చిక్కగా ఉంటే పిల్లలు ఉమ్మేస్తారు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పొడి కొట్టుకోండి. జావ గోరువెచ్చన కన్నా కాస్త వేడిగా ఉన్నప్పుడు అర చెంచా కలిపితే పది నిమిషాల్లో దానంతటదే పలచబడుతుంది, కేలరీలు తగ్గవు. మరిగే జావలో వేస్తే మొలకలోని ఎంజైమ్ చచ్చిపోతుంది, ఫలితం ఉండదు. పలచబడ్డాక ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి. అంగన్‌వాడీ బాలామృతం వాడితే అందులో చక్కెర ఉంటుంది, మళ్లీ వెయ్యకండి.

కార్డియాక్_వార్డు_నర్సు:
ఆగండి, నెయ్యి వేసే ముందు డిశ్చార్జి సమ్మరీలో కైలోథొరాక్స్ అని ఉందేమో చూడండి. ఛాతీలోకి పాలలాంటి ద్రవం కారిన పిల్లలకి కొన్ని వారాలు మామూలు కొవ్వు ఆపేస్తారు, తల్లిపాలలోని కొవ్వుతో సహా. ఆ ద్రవం లింఫ్ నాళాల్లోంచి కారేదే, మామూలు కొవ్వు వెళ్లేదీ వాటిలోంచే. ఎంసీటీ నూనె (తేలిగ్గా ఒంటికి పట్టే ఒక రకం కొవ్వు) ఆ దారిన పోదు కాబట్టి అదొక్కటే ఇస్తారు.
ఇంకోటి, పాలు తాగుతూ నుదురు చెమట పడుతోందా? అరగంటైనా తాగడం పూర్తవట్లేదా? అలాగైతే తిండి మార్చడం కాదు, ఎకో (గుండె స్కానింగ్) మళ్లీ తీయించాలి, రంధ్రం పూర్తిగా మూసుకోకపోయి ఉండొచ్చు. గొంతు బొంగురుపోయి, తాగేటప్పుడు దగ్గు వస్తే స్వరతంత్రి సంగతి కూడా చూపించండి.

గోదారి_గట్టు:
చెమట లేదండి. రోజూ తూస్తున్నాం, ఒకరోజు పెరుగుతుంది, ఒకరోజు తగ్గుతుంది.

డైట్_డెస్క్:
రోజూ వద్దు. వారానికోసారి, అదే కాటా మీద, బట్టల్లేకుండా, పాలకి ముందు. ఈ వయసులో రోజుకి 10–15 గ్రాముల సగటు చాలు, వెనకబడినవాళ్లు అంతకన్నా ఎక్కువే పెరగాలి. రెండు రోజుల్లో 200 గ్రాములు పెరిగి కనురెప్పలు ఉబ్బితే మాత్రం అది నీరు, వెంటనే కార్డియాలజిస్టుకి ఫోన్ చెయ్యండి. డబ్బా పాలు కూడా ఇస్తుంటే సొంతంగా ఒక స్కూపు ఎక్కువ కలపొద్దు. ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) మీదున్న పిల్లలకి ఒంట్లో నీరు అసలే తక్కువ, చిక్కటి పాలు కిడ్నీల మీద భారం, విరేచనాలూ పట్టుకుంటాయి.