అవార్డ్ లెటర్ నంబర్ లేకుండా పీహెచ్‌డీ ఫారం ముందుకు పోతలేదు, ఎవరన్నా చెప్పుండ్రి

పాలపిట్ట:
పొద్దున పదింటికి కూర్చున్న, ఇప్పుడు మూడున్నర. సైకాలజీ పీహెచ్‌డీకి ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ ఫారం నింపుతున్న. నాలుగో పేజీల "అవార్డ్ లెటర్ నంబర్" అని ఒక గడి, పక్కన ఎర్ర చుక్క. నెట్ (లెక్చరర్ పోస్టుకు, పీహెచ్‌డీకి రాసే జాతీయ అర్హత పరీక్ష) రోల్ నంబర్ వేస్తే తీసుకోదు. అప్లికేషన్ నంబర్ వేసిన, తీసుకోదు. అన్నీ సున్నాలు కొట్టి చూసిన, అదీ లేదు. కొంచెం ఆగితే లాగౌట్. మళ్లా మొదటి పేజీ నుంచి ఫోటో, సంతకం, మెమోలు. ఫోటో 50 కేబీకి కుదించనీకే ఇంటర్నెట్ సెంటర్ల ఇరవై రూపాయలు ఇచ్చిన. నాకు నెట్ వచ్చింది. నెలకు 37 వేలు వస్తాయనే కదా ఇంత తిప్పలు. ఆ లెటర్ ఎక్కడ దిగుతది? ఎల్లుండే లాస్ట్ డేట్.

నైట్‌షిఫ్ట్:
కేటగిరీ?

పాలపిట్ట:
బీసీ-బి.

నైట్‌షిఫ్ట్:
కులం కాదు. నెట్ కేటగిరీ. స్కోర్ కార్డ్ కింద ఏం రాసుంది?

రిటైర్డ్ మేష్టారు:
అమ్మా, ఫారం సంగతి తర్వాత. ముందు ఒకటి తేల్చుకోండి. సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తే పేరు ముందు డాక్టర్ వస్తుంది గానీ క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకునే హక్కు రాదు. దానికి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం 1992 నాటిది, నిన్నా మొన్నటిది కాదు. ఆర్‌సీఐ గుర్తించిన రెండేళ్ల క్లినికల్ ఎంఫిల్ లాంటిది చేసినవాళ్లకే ఆ పేరు. యూజీసీ 2022లో ఎంఫిల్ ఎత్తేసినా, క్లినికల్ వరకు 2025-26 దాకా పొడిగించింది అందుకే. మా ఊళ్లో రెండు వీధులకొక సైకాలజిస్ట్ బోర్డు వెలిసింది. ఒకాయన చదివింది జువాలజీ.

తుంగభద్ర:
సార్, ఆమె క్లినిక్ పెడతానని ఎక్కడ అన్నారు?

రిటైర్డ్ మేష్టారు:
అనకపోయినా తెలిసి ఉండటం మంచిది.

ఒహాయో బాబాయ్:
ఇండియాలో ఈ గోల ఎందుకమ్మా. అమెరికా పీహెచ్‌డీ అయితే టీఏనో ఆర్‌ఏనో (టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్ పని) ఇచ్చి, ట్యూషన్ ఫీజు వాళ్లే మాఫీ చేసి, పైన స్టైపెండ్ ఇస్తారు. సైడీ (పీహెచ్‌డీ కాకుండా ప్రాక్టీస్ కోసం ఇచ్చే సైకాలజీ డాక్టరేట్) మాత్రం తీసుకోకండి, చాలావరకు సొంత డబ్బే పెట్టుకోవాలి. అప్లికేషన్ల గడువు చాలా చోట్ల డిసెంబర్ మొదట్లోనే ఉంటుంది. ముందు ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి, ఈ ఏడు స్టూడెంట్‌ని తీసుకుంటున్నారా అని అడగాలి. ఆయన తీసుకోకపోతే మీ మార్కులు ఎన్నున్నా ఒకటే. క్లినికల్ అయితే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉందో లేదో చూడండి. ఎన్‌ఎస్‌ఎఫ్ (ఇక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్) ఫెలోషిప్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అది సిటిజన్లకి, గ్రీన్ కార్డ్ ఉన్నోళ్లకే.

తుంగభద్ర:
అమెరికా వెళ్లడానికి ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ ఉంది కదా?

ఒహాయో బాబాయ్:
ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ అంటే ఇక్కడికొచ్చి పీహెచ్‌డీ చేయడం కాదు. ఇండియాలో ఇప్పటికే రిజిస్టర్ అయినవాళ్లు ఆరు నుంచి తొమ్మిది నెలలు వచ్చి పని చేసుకుని వెళ్లేది. నన్ను ఏటా పదిమంది అడుగుతారు ఇది.

నైట్‌షిఫ్ట్:
ఎల్లుండి లాస్ట్ డేట్ అంటున్నారామె.

పాలపిట్ట:
స్కోర్ కార్డ్ చూసిన. "అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ అడ్మిషన్‌కు అర్హత" అని ఉంది ఇంగ్లిష్‌ల. పర్సంటైల్ ఉంది. నెట్ వచ్చినట్టే కదా మరి?

నైట్‌షిఫ్ట్:
అది జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కాదు. అవార్డ్ లెటర్ ఆ ఫెలోషిప్ వచ్చినవాళ్లకే, మీకు ఉండదు.

పాలపిట్ట:
అట్లెట్ల? నెట్ క్వాలిఫైడ్ అని అందరికీ స్వీట్లు కూడా పంచిన.

నార్త్‌క్యాంపస్:
అక్కా, స్వీట్లు వృథా కాలేదు, ఆగు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలు. మొదటిది జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ అడ్మిషన్. మూడోది ఒట్టి పీహెచ్‌డీ అడ్మిషన్. నీది రెండోది. అడ్మిషన్‌లో నీ నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. కానీ అడ్మిషన్ కోసం ఆ స్కోర్ ఒక్క ఏడాదే చెల్లుతుంది, అందుకే ఇప్పుడు వదులుకోకు. నెలకు 37 వేలు మాత్రం మొదటి రకం వాళ్లకే. అదీ రెండేళ్లు, తర్వాత మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42 వేలు, ఇంటద్దె వేరే.

తుంగభద్ర:
ఉస్మానియాలో కేటగిరీ 1 అంటే జాతీయ ఫెలోషిప్ ఉన్నవాళ్లు, కేటగిరీ 2 అంటే ఎంట్రన్స్ రాసేవాళ్లు అనుకుంటున్నా ఇన్నాళ్లూ. మీరు చెప్పే కేటగిరీలు వేరేనా?

నార్త్‌క్యాంపస్:
వేరే. కులం కేటగిరీ ఇంకోటి. ఆంధ్రలో అయితే ఆర్‌సెట్ అని పీహెచ్‌డీ ఎంట్రన్స్, మళ్లీ ఇంకో దారి. "నీ కేటగిరీ ఏంటి" అని అడిగితే ఏం చెప్పాలో పీహెచ్‌డీ మూడో ఏడు వచ్చినా నాకే అర్థం కాదు.

రిటైర్డ్ మేష్టారు:
ఉపకార వేతనం, ఫెలోషిప్, స్టైపెండ్ అన్నీ ఒకటేనన్నట్టు మాట్లాడుతున్నారు. ఉపకార వేతనం స్కాలర్‌షిప్‌కి. ఫెలోషిప్ వేరు.

ఒహాయో బాబాయ్:
ఏదన్నా అనండి, బ్యాంకులో పడేది ఒకటే.

పాలపిట్ట:
అంటే నాకు పైసా రాదా? జాబ్ వదిలేస్తే ఇంట్ల ఎట్ల గడుస్తది.

నైట్‌షిఫ్ట్:
జాబ్ ఉందా? అది ముందు చెప్పాలి.

పాలపిట్ట:
ఇంటర్ కాలేజీల కౌన్సెలర్‌ని. రోజుకు ఇరవై మంది పిల్లలు, అందరిదీ ర్యాంకు బాధే. అది చెప్పాల్నని తెల్వదు.

నార్త్‌క్యాంపస్:
ఉద్యోగం చేస్తూ అయితే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. 2022 యూజీసీ నిబంధనల్లో అది ఉంది. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్) కావాలి, కోర్స్‌వర్క్ తప్పదు. ఫెలోషిప్ మాత్రం రాదు. ఫుల్‌టైమ్ అయితే: సెంట్రల్ యూనివర్సిటీలో ఫెలోషిప్ లేని వాళ్లకి నాన్-నెట్ కింద నెలకు 8 వేలు, నేను దాంతోనే మొదలుపెట్టా, హాస్టల్ మెస్ కట్టాక మిగిలేది చాయ్‌కి. ఐఐటీ హైదరాబాద్ లిబరల్ ఆర్ట్స్‌లో కూడా సైకాలజీ ఉంది, ఐఐటీల్లో ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్ ఉంటుంది. పీహెచ్‌డీ రిజిస్టర్ అయ్యాక ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్‌కి పెట్టుకోవచ్చు, నెలకు 20 వేలు, రెండేళ్లు. రాష్ట్ర యూనివర్సిటీలో దానంతట అదే వస్తుందని మాత్రం లెక్కేసుకోవద్దు. ఇంతకీ నీ వయసెంత? జేఆర్‌ఎఫ్ కటాఫ్ ఎంతలో పోయింది?

పాలపిట్ట:
32. నేను జేఆర్‌ఎఫ్ పెట్టనే లేదు. అప్లికేషన్‌ల రెండోది టిక్ చేసిన. 30 దాటితే రాదని మా బావ అన్నడు.

నార్త్‌క్యాంపస్:
అయ్యో అక్కా. ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు ఉంది, ఏ కులమైనా సరే. ఓబీసీ నాన్‌క్రీమీలేయర్‌కీ ఐదేళ్లే, రెండూ కలిపి పది కావు. నీకు 35 దాకా ఉంది. నెట్ ఏడాదికి రెండుసార్లు. ఈసారి మొదటిది టిక్ చెయ్. సైకాలజీ సబ్జెక్ట్ కోడ్ 04, నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా ఖాళీ వదలకు.

తుంగభద్ర:
పీహెచ్‌డీలో చేరిపోయాక జేఆర్‌ఎఫ్ వస్తే?

నార్త్‌క్యాంపస్:
రావచ్చు. మా ల్యాబ్‌లో ఇద్దరికి అట్లాగే వచ్చింది.

నైట్‌షిఫ్ట్:
ఫారం: రెండో పేజీలో "ఫెలోషిప్ ఉందా" దగ్గర అవును అని పెట్టి ఉంటారు. లేదు పెట్టండి. నాలుగో పేజీలో గడి పోతుంది.

రిటైర్డ్ మేష్టారు:
కౌన్సెలర్ అన్నారు కదా. కౌన్సెలర్‌కీ సైకాలజిస్ట్‌కీ తేడా మీ కాలేజీ యాజమాన్యానికి తెలుసా? ఎందుకంటున్నానంటే...

తుంగభద్ర:
సార్, దానికి వేరే పోస్ట్ పెట్టండి, అందరం వస్తాం.

ఒహాయో బాబాయ్:
అమెరికా అడ్మిషన్‌కి రాసే జీఆర్‌ఈ పరీక్ష ఇప్పుడు చాలా చోట్ల అడగట్లేదు, ఆ మాట చెప్పడం మర్చిపోయా.

పాలపిట్ట:
గడి పోయింది. సబ్మిట్ అయింది, ఫీజు కట్టిన. నైట్‌షిఫ్ట్ అన్నకు, చెల్లెకు థాంక్స్. మా బావతోటి మాట్లాడాల్సింది ఉంది.

నార్త్‌క్యాంపస్:
ఫుల్‌టైమ్ పెట్టావా, పార్ట్‌టైమా?

కొత్తచిగురు:
నమస్తే, నాది మూడో రకం నెట్, ఎస్సీ. నేషనల్ ఫెలోషిప్ ఫర్ ఎస్సీకి నా స్కోర్ పనికొస్తదా? ఎవరన్నా చెప్పండి ప్లీజ్.