ప్రకృతి వరణం పాఠానికి ఆన్‌లైన్ నమూనాను ఎలా వాడాలి?

ప్రశ్న (జీవశాస్త్ర ఉపాధ్యాయిని, పదో తరగతి):

అందరికీ నమస్కారం. అనువంశికత, పరిణామం పాఠంలో ప్రకృతి వరణాన్ని (పరిసరాలకు నప్పే లక్షణాలున్న జీవులే ఎక్కువగా బతికి సంతతిని పెంచుకోవడాన్ని) వివరించడానికి, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ వెబ్‌సైట్‌లో ఉన్న కుందేళ్ల నమూనాను తరగతిలో పెద్ద తెర మీద చూపించాను. పిల్లలు ఎంతో ఉత్సాహంగా చూశారు. అయితే మర్నాడు ప్రశ్న ఇస్తే, ‘తోడేళ్లు వచ్చాయి కాబట్టి కుందేళ్లు తప్పించుకోవడానికి గోధుమరంగులోకి మారాయి’ అని చాలామంది రాశారు. అవసరాన్ని బట్టి జీవులు మారతాయన్న అపోహను తొలగించడానికి తెచ్చిన సాధనమే దానిని బలపరుస్తోందేమోనని బెంగగా ఉంది. దీనిని తరగతిలో వాడినవారు తమ పద్ధతిని దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1 (విశ్రాంత ఉపాధ్యాయుడు):

నమస్కారం మేడమ్. పిల్లలు అలా రాయడానికి కారణం చాలావరకు మీటలు నొక్కిన వరుసలోనే ఉంటుంది. ఆ నమూనాలో ఉత్పరివర్తనాన్ని (జన్యువులో కలిగే మార్పును) ఎంచుకునేది మనమే. తోడేళ్లను వదిలి, తెల్ల కుందేళ్లు తగ్గిపోతున్న సమయంలో గోధుమరంగు బొచ్చును ఎంచుకుంటే, అవసరం పడగానే ఆ రంగు పుట్టుకొచ్చినట్టే కనిపిస్తుంది.

అందుకని వరుసను తిరగేయండి. మంచు లేని నేపథ్యంలో, తోడేళ్లు లేకుండానే కుందేలుకు జతను కలిపి, గోధుమరంగు బొచ్చును బహిర్గత లక్షణంగా (తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపించేదిగా) చేర్చి, కొన్ని తరాలు నడవనివ్వండి. రెండు రంగుల కుందేళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ఏ రంగు వల్లా ప్రత్యేకమైన లాభం లేదని గ్రాఫ్ చూసి పిల్లలే చెబుతారు. అక్కడ ఆపి, ఇప్పుడు తోడేళ్లు వస్తే ఏమవుతుందో కారణంతో సహా ప్రతి ఒక్కరినీ నోటుపుస్తకంలో రాయమనండి. రాయకముందు మీట నొక్కవద్దు. తరువాత ఇదే ప్రయోగాన్ని ధ్రువ ప్రాంతపు మంచు నేపథ్యంలో చేయించండి. అక్కడ దొరికిపోయేవి గోధుమరంగువి, మిగిలేవి తెల్లవి. ఏ రంగు మేలన్నది పరిసరాలను బట్టే ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన మార్గం నాకు తెలియదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇంకొకటి ఉంది. మళ్లీ మంచు లేని నేపథ్యంలో గోధుమరంగును అంతర్గత లక్షణంగా (తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పైకి కనిపించేదిగా) పెట్టి, వెంటనే తోడేళ్లను వదలండి. అవసరం కళ్లెదుటే ఉన్నా ఆ రంగు కుందేలు చాలాసేపు కనబడదు. ఆ యుగ్మవికల్పకాన్ని (ఆ రంగునిచ్చే జన్యు రూపాన్ని) మోస్తున్న రెండు కుందేళ్లు జతకడితేనే కనబడే అవకాశం ఉంటుంది, ఒక్కోసారి ఆలోపే కుందేళ్లన్నీ అంతరించిపోతాయి. ‘మరి అవసరం ఉంది కదా, ఎందుకు మారలేదు?’ అని అడిగి చూడండి. వంశవృక్షం చూపే భాగాన్ని కూడా తెరిస్తే, మెండెల్ అనువంశికతా సూత్రాల పాఠం ఇందులో ఎలా కలుస్తుందో మీరు వివరించనవసరం ఉండదు.

సమాధానం 2:

పై సూచన చాలా బాగుంది. నెట్ సరిగా రాని పాఠశాలల వారికోసం ఒక మాట చేరుస్తున్నాను. ఈ నమూనాలను ముందుగానే ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. ఒకటికంటే ఎక్కువ కంప్యూటర్లు ఉంటే జట్లుగా చేయించండి. ఒకే అమరిక పెట్టినా జట్టుకొక రకమైన గ్రాఫ్ వస్తుంది కాబట్టి, ప్రకృతిలో యాదృచ్ఛికతకు ఉన్న పాత్ర కూడా చర్చకు వస్తుంది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం ఈ వరుసలోనే మళ్లీ చేయిస్తాను. తొమ్మిదో తరగతిలో ద్రవాభిసరణకు (కణపు పొర గుండా నీరు కదలడానికి) కూడా ఇలాంటి నమూనా వాడవచ్చా?

సమాధానం 3 (జూనియర్ కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకురాలు):

దానికి మాత్రం ముందు సూక్ష్మదర్శినినే వాడమని నా సలహా. ఎర్ర ఉల్లిపాయ పొరను స్లైడు మీద పెట్టి గాఢమైన ఉప్పు నీటి చుక్క వేస్తే, కాసేపట్లో ఊదారంగు పదార్థం కణకవచం నుంచి విడివడి లోపలికి ముడుచుకోవడం పిల్లలు స్వయంగా చూస్తారు. మంచినీరు వేస్తే చాలా కణాల్లో మళ్లీ విస్తరిస్తుంది. పొర గుండా అణువులు కదిలే తీరును చూపే నమూనాను ఆ తరువాత తెరవండి, ఎందుకంటే అణువుల కదలికను ఆ సూక్ష్మదర్శిని చూపించలేదు. నాడీ కణంలో సోడియం, పొటాషియం అయాన్ల రాకపోకల వంటివాటికైతే బడిలో వేరే దారి లేదు కాబట్టి, మొదటినుంచీ నమూనాతోనే చెప్పవచ్చు.