రెండు సుడులున్న తలకి లో ఫేడా, డ్రాప్ ఫేడా?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మూడు నెలల్లో మూడుసార్లు ఫేడ్ (పక్కలా వెనకా కింద బాగా పొట్టిగా మొదలై, పైకి పోయేకొద్దీ జుట్టు పెరిగే కటింగ్) చేయించాను, మూడూ బెడిసికొట్టాయి.

మొదట మిడ్ ఫేడ్, అంటే పొట్టి భాగం పక్కల సగం ఎత్తుదాకా వెళ్లేది. కింద జీరో, దానిపైన 2వ నంబర్ గార్డ్ (మెషిన్‌కి తగిలించే దువ్వెన), అంటే 6 మి.మీ. నాకు నడినెత్తి వెనక రెండు సుడులు. మెషిన్ సరిగ్గా వాటి అంచుదాకా వెళ్లింది. పది రోజులకే అక్కడి జుట్టు కొబ్బరి చీపురులా లేచి నిలబడింది, నూనె రాసినా అణగలేదు. తర్వాత స్కిన్ ఫేడ్, అంటే కింద చర్మం కనిపించేదాకా తీసేది. ఎడమ చెవి వెనక పాత కుట్ల మచ్చ బయటపడింది. "సగం గుండు ఎందుకురా, సింహాచలం వెళ్తే పూర్తిగా తీసేవారుగా" అంది అమ్మ. మూడోసారి లో ఫేడ్ (పొట్టి భాగం చెవులకి కాస్త పైదాకానే ఉండేది) అడిగితే టేపర్ చేశారు: కణతలు, మెడ దగ్గర మాత్రమే పల్చన, పక్కలు ఎక్కడివక్కడే. ఫొటో చూపించినా అంతే.

జుట్టు ఒత్తు, కొంచెం ఉంగరాలు, పైన రెండున్నర అంగుళాలు. రోజూ గాజువాకకి బండి మీద హెల్మెట్‌తో వెళ్తాను. ఈ ఉక్కకి వ్యాక్స్ నిలవదు. మూడు వారాలకోసారే సెలూన్‌కి వెళ్లగలను.

డ్రాప్ ఫేడ్ గీత చెవి వెనక కిందికి వంగుతుంది కాబట్టి సుడుల దగ్గర జుట్టు మిగులుతుందనిపిస్తోంది. రెండు సుడులున్నవాళ్లూ, బార్బర్లూ చెప్పండి: మచ్చ కనబడకుండా 1వ నంబర్ గార్డ్‌తో మొదలుపెట్టి డ్రాప్ ఫేడ్ చేయించుకోనా, లో ఫేడే మళ్లీ అడగనా?