అప్‌డేట్: జవాబు పత్రం నకలు ఇచ్చారు

చెల్లెలి జవాబు పత్రం నకలును సమాచార హక్కు చట్టం కింద అడిగితే విశ్వవిద్యాలయం ‘గోప్యం’ అని తిరస్కరించిందని, ఇప్పుడేం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. మీరు చెప్పినట్లే సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేశాం. ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు 2011లో ఇచ్చిన తీర్పును జతచేశాం: దిద్దిన పత్రాన్ని చూసే హక్కు అభ్యర్థికి ఉంది, పరీక్షకుల పేర్లు మాత్రం ఇవ్వనక్కర్లేదు.

విచారణలో విశ్వవిద్యాలయ న్యాయ వ్యవహారాల అధికారి మా ఎదుటే తీర్పు తిరగేసి, “ఇవ్వాల్సిందే” అన్నారు. జీతమిచ్చే సంస్థకు నచ్చని మాట చెప్పగలగడమే ఆ ఉద్యోగ ధర్మమని నా నమ్మకం. ఆయనకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

నకలులో పరీక్షకుల సంతకాలు నల్లగా కప్పేశారు, అది న్యాయమే. కానీ నాలుగో జవాబు పక్కన అసలు మార్కులే వేయలేదు! పునర్మూల్యాంకనం హక్కు ఈ చట్టంతో రాదని అదే తీర్పు చెప్పింది కాబట్టి, విశ్వవిద్యాలయ నిబంధనల ప్రకారం విడిగా దరఖాస్తు పెట్టాం.